సున్నం వదినా, దొడ్డిదారి వాల్వూ

మా వదినని ఎవరైనా ఒక్క మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను అనొచ్చు. ఆడపడుచుని కాబట్టి ఆ హక్కు నాకుంది. మిగతావాళ్ళు నా క్యాంటీన్‌లో కూర్చుని, నా చేతి టీ తాగుతూ, "ఆ సున్నం ఆవిడ వల్లే కదా గని ఇలా అయింది" అంటే మాత్రం గ్లాసు లాక్కుంటాను. ఇద్దరు ముగ్గురి దగ్గర లాక్కున్నాను కూడా. అసలు జరిగిందేమిటో తెలియకుండా నోరు పారేసుకునేవాళ్ళ కోసం మొదటి నుంచీ చెబుతాను.

మాది గని ఊరు. కొండ కడుపులోంచి జింకు రాయి తవ్వుతారు. ఆ రాయిని మిల్లులో పిండి చేసి, నీళ్ళలో కలియబెట్టి, లోహం ఉన్న పొడిని వేరు చేసి, కరిగించే కంపెనీలకి అమ్ముతారు. మిల్లులో మిగిలిన నీళ్ళూ, గని అడుగు నుంచి తోడిపోసిన నీళ్ళూ కలిసి ఒకప్పుడు నేరుగా వాగులో పడేవి. ఊరంతా వాడేది ఆ వాగు నీళ్ళే. నా క్యాంటీన్‌కీ అవే. మా అన్నయ్య గనిలో డ్రిల్లర్. వాళ్ళ గదికీ నా గదికీ మధ్య ఒకటే గోడ కావడంతో, ఆ మొగుడూ పెళ్ళాలు వాదులాడుకుంటుంటే నాకు వేరే రేడియో అక్కర్లేదు.

వదిన కాపురానికి వచ్చిన కొత్తలో, పుట్టింటివాళ్ళిచ్చిన తెల్ల దుప్పటి తీసుకెళ్ళి వాగులో జాడించింది. బయటికి తీసేసరికి దాని నిండా తుప్పు రంగు మరకలు. మాకది అలవాటే. మా ఊళ్ళో ఎవరూ తెల్లబట్ట కొనరు, ఎందుకు కొనరని అడిగినవాళ్ళు కూడా లేరు. "ఇక్కడ ముదురు రంగులే వాడాలి వదినా" అని నేనే ఏదో పెద్ద ఆరిందాలా చెప్పాను. ఆవిడ నన్నొక చూపు చూసి, ఆ తడి దుప్పటి పిండనైనా పిండకుండా భుజాన వేసుకుని గని ఆఫీసుకి బయల్దేరింది. నేను వెనకాల పరిగెత్తాను, ఆపడానికి కాదు, చూడడానికి.

అప్పటి పెద్ద మేనేజర్ బల్ల మీద దుప్పటి పరిచేసింది మహాతల్లి. కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. "దీనికి ఎవరు జవాబు చెప్తారు?" అంది. ఆయన పగలబడి నవ్వాడు. అక్కడున్న గుమస్తాలూ నవ్వారు. వదిన మాత్రం ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, "నవ్వడం అయిందా? ఇప్పుడు చెప్పండి" అంది. జవాబు చెప్పేదాకా ఉంచుకోమని దుప్పటి ఆ బల్ల మీదే వదిలేసి వచ్చింది.

కొన్నేళ్ళకి ప్రభుత్వం రూలు తెచ్చింది. నీళ్ళు శుద్ధి చేశాకే వాగులోకి వదలాలి అని. కంపెనీ ఏడుస్తూ పెద్ద పెద్ద తొట్లు కట్టింది, పక్కన రేకుల షెడ్డు వేసింది. ఆ షెడ్డులో పనికి ఎవరూ రాలేదు. భూమి లోపలికి దిగి రాయి పగలగొడితే మగతనం, నీళ్ళకి కాపలా కాస్తే ఏముందని మా వీరుల ఉద్దేశం. అప్పుడు ఆ పెద్ద మేనేజరే, "నీళ్ళ మీద అంత ప్రేమ ఉన్న మనిషి ఒకావిడ ఉండాలే, దుప్పటావిడ, ఆవిణ్ణి పిలవండి" అన్నాడట వెక్కిరింతగా. వదిన వెక్కిరింతని పక్కన పెట్టి, ఉద్యోగం మాత్రం తీసుకుంది.

పని చూడ్డానికి తేలిక, చెయ్యడానికి కాదు. సున్నం బస్తాలు కోసి నీళ్ళలో పాలలా కలపాలి. ఆ పాలు గని నీళ్ళలోకి వదిలితే లోహమంతా మడ్డిగా అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళలో రంగు కాగితం ముంచి చూడాలి. రంగు సరిగ్గా వస్తేనే వాగులోకి వదలాలి, లేకపోతే మళ్ళీ సున్నం, మళ్ళీ ఎదురుచూడ్డం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ కనుబొమ్మలు, కనురెప్పలు, చెవి వెనకాల వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉండేవి. అరిచేతులు బీటలు వారి, నేను నూనె రాస్తే చురుక్కుమందని నన్ను కసిరేది. అలా ఊరందరికీ సున్నం వదిన అయిపోయింది. ఆవిడ కంటే పెద్దవాళ్ళకి కూడా వదినే.

"పెళ్ళి చేసుకున్నప్పుడు మనిషే, ఇప్పుడు గోడ అయిపోయింది" అనేవాడు అన్నయ్య.

"ఆ గోడకి జేరబడే కదయ్యా ఇన్నాళ్ళూ నిలబడ్డావ్" అనేది వదిన.

ఇక దొడ్డిదారి వాల్వు సంగతి. తొట్ల నుంచి వాగుకి రెండు దారులున్నాయి. ఒకటి శుద్ధి అయిన నీళ్ళు పోయేది. రెండోది, కుంభవృష్టి కురిసి తొట్లు పొంగి గట్టు తెగేలా ఉంటే, ఉన్న నీళ్ళు ఉన్నట్టే వదిలేసేది. కంపెనీ దానికి ఏదో పేరు పెట్టింది. మేము దొడ్డిదారి వాల్వు అంటాం. దాని ఇనుప చక్రానికి గొలుసూ తాళమూ. తాళం చెవి వదిన మెడలో దారానికి వేలాడుతూ ఉంటుంది. అది తెరవాలంటే ముందు షెడ్డు మీద ఉన్న సైరన్ మోగించాలి. చేత్తో హ్యాండిల్ పట్టి తిప్పే పాతకాలపు సైరన్ అది. కింద జనం నీళ్ళు పట్టిపెట్టుకుని, పశువుల్ని గట్టెక్కించుకునేదాకా కూత ఆపకూడదు. సైరన్ పాడవకుండా ఉందో లేదో చూడ్డానికి ప్రతి సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఒకే ఒక్క కూత కూయిస్తుంది. ఆ కూత విని ఊళ్ళోవాళ్ళు గడియారాలు సరిచేసుకుంటారు తప్ప తల కూడా ఎత్తరు.

ఇలా నడుస్తుండగా రూలు ఇంకా బిగించారు. నీళ్ళలో లోహం ఇదివరకటికన్నా బాగా తగ్గాలన్నారు. దాంతో సున్నం రెట్టింపు పడుతోంది, నీళ్ళు తొట్లలో రెట్టింపు కాలం నిలవాల్సి వస్తోంది. తొట్లు ఖాళీ కాకపోతే మిల్లు ఆగాలి. మిల్లు ఆగితే సరుకు లేదు. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద ఆర్డరు చేతికొచ్చి ఊగిసలాడుతోంది. కొండకి అవతల ఇంకో గని ఉంది. అక్కడ ప్రభుత్వం వేరు, ఈ రూలు లేదు.

అప్పటికి మేనేజర్ మారాడు. కొత్తాయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకీ కథ చెప్పడం తేలికయ్యేది. దర్జాలు లేవు, రోజూ నా క్యాంటీన్‌కే వచ్చి అందరితో పాటు బల్ల మీద కూర్చుని టీ తాగేవాడు. ఆ రోజుల్లో మనిషి సగమైపోయాడు. ఒకరోజు వదిన టీకి వస్తే పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"చూడమ్మా, కొండవతల వాడు తొట్లు కట్టలేదు, సున్నం కొనలేదు. నీళ్ళు అలాగే వదిలేస్తాడు. అందుకే నాకంటే చవగ్గా ఇస్తానంటున్నాడు. కొనేవాడు ఎవడి దగ్గర కొంటాడో నువ్వే చెప్పు."

"ఆ చవక గాల్లోంచి ఊడిపడిందా సార్?" అంది వదిన. "దాన్ని కొండవతల ఎవరో తాగుతున్నారు."

"ఆ రూలు ఇద్దరికీ ఉంటే నాకు బాధే లేదమ్మా. నా ఒక్కడి కాళ్ళకే రాయి కట్టి పరిగెత్తమంటే ఎలా?"

"అయితే వాళ్ళకీ కట్టమని పోయి అరవండి. మనకి విప్పెయ్యమని అరుస్తారేం?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అరుస్తాను. ఆ అరుపు ఎవరికైనా వినపడేలోపు ఈ ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే గని ఉండదు. ఒక్కసారి ఆ దొడ్డిదారి వాల్వు తెరిచి తొట్లు ఖాళీ చెయ్యి. ఒక్కసారే. గట్టెక్కుతాం."

"వాన ఏదీ?" అంది వదిన.

"వాన లేదు, అవసరం ఉంది."

"సరే సార్, సైరన్ మోగించి తెరుస్తాను."

మేనేజర్ మొహం మాడిపోయింది. సైరన్ మోగితే ఊరంతా వాగు గట్టున ఉంటుంది, ఎందుకని అడుగుతుంది. ఆయన లేచి వెళ్ళిపోయాడు. టీ సగం మిగిలిపోయింది.

ఇలాంటి కబురు మా ఊళ్ళో పొద్దు వాలేదాకా ఆగదు. కుళాయి దగ్గర, క్షౌరం దుకాణంలో, మిల్లు గేటు దగ్గర, ఎక్కడ చూసినా ఇదే మాట. అందరి తిండీ సున్నం వదిన మెడలో దారానికి వేలాడుతోందట. మిల్లు మేస్త్రీ అయితే మా అన్నయ్యని అందరి ముందూ, "పెళ్ళానికి చెప్పుకోలేనివాడివి రాయెలా పగలగొడుతున్నావయ్యా" అన్నాడు. ఆ వేళ గోడ అవతలి నుంచి నాకు ప్రతి మాటా వినపడింది.

"ఒక్కసారి తిప్పితే నీ సొమ్మేం పోయిందే? వానలప్పుడు తిప్పలేదూ?"

"వానలప్పుడు అందరికీ చెప్పి తిప్పాను. చెప్పకుండా తిప్పితే దొంగతనం."

"గని మూతపడితే?"

వదిన గొంతు చిన్నగా వచ్చింది. "మూతపడితే నేనూ బజార్న పడతాను. భయం నీకొక్కడికేనా? నాకూ ఉందయ్యా. అయినా నా చేత్తో కాదు."

నాకూ భయమేసింది. గని లేకపోతే నా క్యాంటీన్‌లో టీ ఎవడు తాగుతాడు? అలాగని వదిన ఆ పని చెయ్యాలని మాత్రం నాకు లేదు.

శనివారం మేనేజర్ షెడ్డుకే వచ్చాడు, వెంట మిల్లు మేస్త్రీ. నేను టీ కెటిల్‌తో అక్కడే ఉన్నాను. మేనేజర్ మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త వెలుగు కనపడింది.

"సైరన్ మోగాలంటావు, అంతేగా? సోమవారం ఎలాగూ మోగుతుంది. అప్పుడే తెరువు. రూలూ నిలబడుతుంది, గనీ నిలబడుతుంది."

ఆహా, ఏం తెలివి! సోమవారం కూత ఎవరు పట్టించుకుంటారు! గడియారాలు సరిచేసుకుని అన్నం తింటారు, ఆ మడ్డి నీళ్ళతోనే చేతులు కడుక్కుంటారు. వదిన ఆ ఇద్దర్నీ అక్కడికక్కడే కడిగేస్తుందనుకున్నాను. ఆవిడ రంగు కాగితం మీంచి చూపు తిప్పకుండా, "అలాగే సార్. సోమవారం మోగిస్తాను" అంది.

వాళ్ళు వెళ్ళగానే మీద పడ్డాను. "ఇంతేనా వదినా? ఇన్నాళ్ళ నీ బింకం ఇంతేనా?"

"సోమవారం టీ పట్రా అమ్మాయ్. ఎక్కువే పట్రా" అంది.

ఆ రెండు రోజులూ ఊరు వదినని నెత్తిన పెట్టుకుంది. బుద్ధిమంతురాలంది. అన్నయ్య ఈల వేసుకుంటూ తిరిగాడు. నేను ఆయనతో మాట్లాడ్డం మానేశాను.

సోమవారం మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. షెడ్డు ముందు మేనేజరూ, మేస్త్రీ, నేనూ. వదిన నిచ్చెనెక్కి, కొంగు బిగించి, సైరన్ హ్యాండిల్ అందుకుంది. కూత లేచింది. మామూలు సోమవారాల్లో అయితే అక్కడితో హ్యాండిల్ వదిలేస్తుంది, కూత మూలుగుతూ పడిపోతుంది. ఆ రోజు వదల్లేదు. కూత పైకి లేచి, ఇంకా పైకి లేచి, అక్కడే నిలబడింది.

"చాలమ్మా! చాలు!" అని అరిచాడు మేనేజర్.

"వాల్వు తెరిచే రోజున జనం గట్టెక్కేదాకా ఆపకూడదు సార్. రూలు నిలబడాలన్నారుగా!"

మేస్త్రీ నిచ్చెన పట్టుకుని ఊపబోయాడు. ఒక్క గెంతులో వెళ్ళి వేడి కెటిల్ వాడి చేతి పక్కన పెట్టాను. అంటించలేదు, పక్కన పెట్టానంతే. వాడికి అర్థమైంది. ఇంతలో వదిన చేతులు పట్టు తప్పుతున్నట్టు కూత వణికింది. కెటిల్ కింద పెట్టి నేనూ ఎక్కాను. ఆవిడ ఒక పక్క, నేనొక పక్క. సున్నమూ చెమటా కలిసి కళ్ళలో పడుతుంటే ఇద్దరం ఊరి చెవులు చిల్లులు పడేలా తిప్పాం. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ అరవలేదు, అరిచింది సైరనే అయినా.

జనం రావడం మొదలైంది. బిందెలతో, బకెట్లతో ఆడవాళ్ళు. పశువుల్ని తోలుకుంటూ ముసలాళ్ళు. అన్నం మధ్యలో లేచి ఎంగిలి చేత్తోనే వచ్చినవాళ్ళు. గని లోపలి నుంచి షిఫ్టు దిగినవాళ్ళు, వాళ్ళలో మా అన్నయ్య. "వాన లేదు, ఏమీ లేదు, ఏంటిది?" అని ఒకటే గోల. అప్పుడు ఆపాం.

వదిన నిచ్చెన దిగింది. "తొట్లు ఖాళీ అవ్వాలని మేనేజర్ గారు దొడ్డిదారి వాల్వు తెరవమన్నారు. శుద్ధి కాని నీళ్ళు వాగులోకొస్తాయి. అందుకే మోగించాను."

మేనేజర్ తప్పించుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ముందుకొచ్చి, ఆర్డరు సంగతీ, కొండవతల గని సంగతీ, సున్నం ఖర్చూ దాచకుండా చెప్పాడు. "ఇందులో నా లాభం ఏమీ లేదు. ఈ నీళ్ళు వదలకపోతే గని నిలుస్తుందని నేను మాటివ్వలేను. మీరే చెప్పండి" అన్నాడు.

జనంలో గుసగుసలు లేచాయి. "ఒక్కసారికేగా" అన్నారెవరో. "తిప్పెయ్యమ్మా, పిల్లలు గలవాళ్ళం" అన్నారు ఇంకెవరో. నిన్నటిదాకా చాటున అన్నవాళ్ళు ఇప్పుడు బాహాటంగా అన్నారు.

వదిన మెడలోంచి దారం తీసి తాళం చెవి పైకెత్తింది.

"ఇదిగో. నేను అడ్డం నిలబడను. కావలసినవాళ్ళు వచ్చి తీసుకోండి. ఎవరి చేత్తో వాళ్ళు తిప్పండి. ఇన్నాళ్ళూ నా చేత తిప్పించాలని చూశారు కదా, అంత తేలికపని అయితే మీరే చెయ్యండి. రండి."

మేస్త్రీ ఒక అడుగు వేశాడు. వాళ్ళావిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని ముందు వరసలోనే ఉంది. "నేనింకా నీళ్ళు పట్టుకోలేదు" అంది మెల్లగా, మొగుడి మొహంలోకే చూస్తూ. ఆ అడుగు మళ్ళీ వెనక్కి పోయింది. మేనేజర్ ఆ ఇనుప చక్రం వైపు చూసి, బిందెల వైపు చూసి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఇంకెవరూ కదల్లేదు. తిప్పెయ్యమన్న గొంతులన్నీ ఎటు పోయాయో!

అప్పుడు అన్నయ్య వచ్చాడు. ఒంటి నిండా రాతి ధూళి. వదిన చేతిలోంచి తాళం చెవి తీసుకుని, తిన్నగా చక్రం దగ్గరికి నడిచాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. గొలుసు మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగొచ్చి, ఆ దారం వదిన మెడలోనే వేశాడు. ఆవిడ సున్నం ఈయనకీ, ఈయన ధూళి ఆవిడకీ అంటుకున్నాయి.

"మూతపడితే పడనీ" అన్నాడు. "ఇద్దరం కలిసే బజార్న పడదాం."

వదిన ఆ ఊరి ముందు, ఆ మేనేజర్ ముందు, పసిపిల్లలా ఏడ్చింది. అంతకు ముందు ఆవిడ ఏడవగా నేను చూడలేదు. నేను టీ పొయ్యడం మొదలుపెట్టాను. ఎక్కువ తెమ్మంది ఇందుకే కదా.

తర్వాత ఏమైందంటారా? ఆర్డరు పోయింది. కొండవతలకే పోయింది. అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టడం నా చేతకాదు. మిల్లు నెమ్మదిగా నడిచింది, ఉన్న పనినే షిఫ్టులవాళ్ళంతా పంచుకున్నారు. కొన్నాళ్ళు అందరి పొయ్యి మీదా కుండ చిన్నదయ్యింది. శుద్ధి చేసిన నీళ్ళని వాగులోకి పంపకుండా మళ్ళీ మిల్లుకే వాడితే తొట్లు నిండవని ఆలోచన చేసింది ఎవరో కాదు, మేనేజరే. పైపులు వేయించాడు. గని నిలబడింది, బొద్దుగా కాదు, బక్కగానే. చిన్న చిన్న కొనుగోలుదార్లు ఇద్దరు దొరికారు. ఆయనే మిగతా గనుల మేనేజర్లని కూడగట్టుకుని పెద్దల దగ్గరికి వెళ్ళొస్తున్నాడు. రూలు తీసెయ్యమని కాదట, ఆ రూలు లేని చోటి సరుకుని ఇక్కడ చవగ్గా అమ్మనివ్వొద్దని అడగడానికట. వింటారో లేదో నాకు తెలీదు. మేస్త్రీ మాత్రం ఇప్పటికీ వదినతో మాట్లాడడు, నా క్యాంటీన్‌కి రాడు. రాకపోతే నా టీ మిగులుతుంది, అంతే.

మొన్న సోమవారం మధ్యాహ్నం మేనేజర్ నా క్యాంటీన్‌లో కూర్చుని, ఎవరో కొత్తగా వచ్చిన ఆఫీసరుకి చెప్పుకుంటున్నాడు. "మా సరుకు టన్నుకి వాళ్ళకంటే ఎక్కువే పడుతుందండీ. ఏం చేస్తాం, మా షెడ్డులో ఒకావిడ ఉంది" అంటూ. నా చెయ్యి అప్పటికే ఆయన గ్లాసు మీదకి పోతోంది. అప్పుడే సైరన్ కూత లేచింది.

ఆయన మాట ఆగిపోయింది. గ్లాసుని తన వైపు లాక్కుని, దాని మీద అరచెయ్యి మూతలా పెట్టి, కూత పూర్తిగా పడిపోయేదాకా చెవులు రిక్కించి విన్నాడు. ఒక్క కూతే. పరీక్షే. అప్పుడు చెయ్యి తీసి టీ తాగాడు.